స్మిల్యాకు ఎర్రగుడ్డు

"నా భార్యను చంపింది మీ మాత్రలే, డాక్టరమ్మా."

ఈస్టర్ తరవాత మా ఆర్థడాక్స్ క్రైస్తవులు ఎర్రగుడ్లు తెచ్చి సమాధుల మీద పెట్టే సోమవారం అది. పోయిన స్మిల్యా సమాధికీ మా ఊరి డాక్టరమ్మ ఒకటి తెచ్చింది; అక్కడే ఉన్న స్మిల్యా భర్త ఆమెను నిలదీశాడు.

"మొదటిసారి పక్షవాతం రక్తం గడ్డకట్టి వచ్చింది బాబాయ్. అందుకే కొలెస్ట్రాల్ మాత్రలిచ్చాను."

"రెండోసారి మెదడులో రక్తం కారింది కదా! పట్నంలో ఏం చదివారో!"

"కొలెస్ట్రాల్ మరీ తగ్గితే ఆ ప్రమాదం కాస్త పెరుగుతుందంటారు. పిన్నికి బీపీ కూడా ఉండేది. ఏది కారణమో ఒట్టేసి చెప్పలేను. కానీ ఈస్టర్ ఉపవాసాల ముందు పరీక్షలో కొలెస్ట్రాల్ మరీ తగ్గిందని, మాత్ర సగమే వేసుకోమని మీతో చెప్పి పంపాను. చెప్పారా?"

"ఆ రోజు సారాకొట్లో అందరికీ తలో గ్లాసు పోయించాను. ఊళ్లో అందరికన్నా మా ఆవిడకే కొలెస్ట్రాల్ తక్కువని, చర్చి అయ్యగారి భార్యకన్నా తక్కువని."

"పిన్నికి చెప్పారా, బాబాయ్?"

"ఇంటికెళ్తే, డాక్టరమ్మ ఏమందని మా ఆవిడ అడిగింది. భేషుగ్గా ఉందంది, అలాగే వేసుకో అన్నాను. సగం చేస్తే మళ్లీ పెరుగుతుందని..."

"అయ్యో, బాబాయ్."

"ఆ గుడ్డు ఇటివ్వండి, నేను పెడతాను. ఈ మాత్రల మాట నేనిక చచ్చేదాకా ఎత్తను. మీరూ ఎత్తకండి."