తొమ్మిది కుప్పలు

(రొదోపీ కొండల్లో ఒక ఊరు. ఆదివారం పొద్దున. గవ్రిల్ ఇంటి వంటగదిలో బల్ల మీద తొట్టి నిండా అడవిపంది మాంసం, బల్ల అంచుకి బిగించిన కీమా మర. సుజుక్ అనే ఎండు సాసేజీలు చెయ్యడానికి గవ్రిల్, అతని భార్య జ్లాత్క సీసం గుళ్ళేమైనా ఉన్నాయేమోనని ముక్కలు తడుముతున్నారు. జ్లాత్క తమ్ముడి కొడుకు అసేన్ మర తిప్పుతున్నాడు.)

“కళ్ళతో కాదయ్యా, వేళ్ళతో చూడు. పోయినేడు ఒక్క సీసం ముక్క వదిలేశావు, సుజుక్ కొరగ్గానే మా తమ్ముడి పన్ను ఊడొచ్చింది.”

“మీ తమ్ముడి పన్ను అంతకు ముందే ఊగుతోందే. నెపం సుజుక్ మీదకి తోశాడు. ఏరా అసేన్, మీ నాన్న పన్ను ఊగేదా, లేదా?”

“ఊగేది మామా. కానీ ఊడింది మాత్రం సుజుక్ తింటున్నప్పుడే.”

“చూశావా జ్లాత్కా, అటూ వీడే, ఇటూ వీడే. మీ వంశంలో అందరూ ఇంతే.”

“మాటలాపి తడుము. అసేన్, పశువుల డాక్టరు చూశాడా దీన్ని?”

“నిన్న సాయంత్రమే చూశాడత్తా. ఏ జబ్బూ లేదని సంతకం కూడా పెట్టాడు.”

“మంచి పందిరా ఇది. కొవ్వు చూడు, అరచెయ్యంత మందం. ఈ ఏడు అడవిలో ఓక్ కాయలు బాగా రాలినట్టున్నాయి. ఎక్కడ దొరికింది?”

“పై లోయలో మామా. పొద్దున్నుంచీ పొగమంచు. కుక్కలు ఎటు మొరుగుతున్నాయో కూడా తెలీలేదు.”

“పై లోయా! నువ్వు తుపాకీ కింద పారేసి చెట్టెక్కింది అక్కడే కదూ?”

“అబ్బా మామా, అది పన్నెండేళ్ళ కిందటి మాట.”

“పంది వచ్చి ఆ తుపాకీని అటూ ఇటూ వాసన చూసిందే జ్లాత్కా. వీడు పైనుంచి ‘షూ, షూ’ అంటున్నాడు, కోడిని తోలినట్టు.”

“నవ్వకు అత్తా.”

“నవ్వట్లేదురా. ఉల్లిపాయ ఘాటు.”

“ఇక్కడ ఉల్లిపాయే లేదు!”

“పంది పోయాక కూడా దిగనన్నాడు. గంటసేపు. ఆఖరికి దింపడానికి ఒకడు చెట్టెక్కాల్సొచ్చింది.”

“మనోల్ బాబాయ్ ఎక్కాడు. నన్ను దింపాడు గానీ ఆయన దిగలేకపోయాడు. అప్పుడు నువ్వు... నువ్వు నిచ్చెన కోసం ఊళ్ళోకి వచ్చావు మామా.”

“మర తిప్పు. ఎవడో ఒకడు ఎక్కాడు. ఇప్పుడదంతా ఎందుకు?”

“ఎవడో ఒకడట! విన్నావా అసేన్? మూడేళ్ళ నుంచి మీ మామ కథలన్నింట్లో ఈ ‘ఎవడో ఒకడు’ తిరుగుతున్నాడు. అంతకు ముందు ఆయనకి పేరుండేది, మీసాలుండేవి, వంతెన అవతల ఇల్లుండేది.”

“ముక్కలు తడమమన్నావుగా. తడుముతున్నాను.”

“మామా, ఎలుగుబంటి కథ చెప్పవూ? మా ఇంట్లో పిల్లలు రోజూ అడుగుతున్నారు. నేను చెప్తే కుదరట్లేదు.”

“నువ్వు చెప్తే ఏం కుదురుతుంది, నువ్వప్పుడు పుట్టనే లేదు. పై గుడిసెలో పడుకున్నాం. మీ నాన్న, నేను, పోయిన స్తమెన్ తాత, ఇంకా... ఇంకొకడు. ఆ ఏడు మొదటి మంచు. పొయ్యి మీద చిక్కుడు గింజల కుండ. తెల్లవారుతుండగా చప్పుడు, కుండ నాకుతున్న చప్పుడు. ఆ ఇంకొకడు కళ్ళు కూడా తెరవకుండా ‘గవ్రిల్, కాస్త మాకూ ఉంచు’ అని కాలితో ఒక్క తన్ను తన్నాడు.”

“ఎలుగుబంటినా!”

“వెనక మీద! అది తిరిగి చూసింది. వీడు కళ్ళు తెరిచాడు. ఇద్దరూ ఒకేసారి అరిచారు. అది కుండ తలకి తగిలించుకుని తలుపు పీక్కుని పోయింది. ‘క్షమించండి, మా గవ్రిల్ అనుకున్నాను’ అన్నాడు దానితో. దేవుడి మీద ఒట్టు, ‘అండి’ అన్నాడు!”

“హహ్హ! మనోల్ బాబా... ఆ ఒకాయన!”

“నవ్వు, నవ్వు. నలభై ఏళ్ళు అలాంటి వాడితో అడవులు పట్టి తిరిగాను.”

“ఆ అలాంటి వాడే నీ కాలు విరిగినప్పుడు వీపు మీద మోసుకొచ్చాడు. మూడు గంటలు. అది కూడా చెప్పు పిల్లాడికి.”

“మోశాడు. కాదన్నానా? మోస్తూ దారంతా పోట్లాడాడు. మాట మాటకీ నన్ను మంచులో దింపడం, చేతులూపుతూ వాదించడం, మళ్ళీ ఎత్తుకోవడం. తిన్నగా వస్తే గంటన్నర దారి.”

“దేని మీద మామా పోట్లాట?”

“గుర్తు లేదు. కుక్కకి ఏం పేరు పెట్టాలనో ఏమో.”

“కుక్కంటే గుర్తొచ్చింది. షారో ఏది? నిన్న మళ్ళీ ఒళ్ళంతా ముళ్ళతో వచ్చింది. శనివారం శనివారం ఎక్కడికి పోతుందయ్యా అది?”

“వయసులో ఉన్న కుక్క. దాని పనులు దానికుంటాయి.”

“దానికి పదకొండేళ్ళు. ఏరా అసేన్, మొహం తిప్పుకుంటావేం?”

“ఏం లేదత్తా. కీమా... ఇటు జారుతోంది.”

“ఏమయ్యా, ఇదిగో, ఈ భుజం ముక్క చూడు.”

“చూశాను దాన్ని.”

“మళ్ళీ చూడు. గట్టిగా తడుము. మధ్యలో.”

“చూశానే అంటే... ఆగు. ఆగాగు. ఏదో తగిలింది. కత్తి ఇలా ఇవ్వు. ... ఇదిగో. సీసపు గుండు. అబ్బో, బొటనవేలంత ఉంది.”

“కానీ అత్తా, నిన్న పందిని...”

“నువ్వు మర తిప్పరా!”

“ఆగరా. ఈ గుండు... ఈ గీత చూశావా? అంచు పొడుగునా గట్టు కట్టింది. అచ్చులో పగులుంటేనే ఇలా వస్తుంది. ఈ జిల్లాలో పగిలిన అచ్చుతో గుళ్ళు పోసుకునే పిసినారి ఒక్కడే.”

“ఎవరయ్యా?”

“నీకు తెలుసు.”

“నాకెలా తెలుస్తుంది? ఎవడో ఒకడు.”

“వెక్కిరించకు. అంటే వాడింకా గురి తప్పట్లేదన్నమాట. డెబ్బై ఒకటొచ్చాయి. భుజం వెనక, ఎక్కడ కొట్టాలో అక్కడ. ఏరా, ఎంత దూరం నుంచి కొట్టాడు?”

“నేను... నేను కుక్కలతో కింద ఉన్నాను మామా. అదిలించే జట్టులో. తుపాకీ చప్పుడు విన్నానంతే.”

“దీనికి ఇదేంటే? నీలం దారం పోగు చుట్టుకుంది.”

“నా ఏప్రన్ దారం అయ్యుంటుంది. ఇలా ఇచ్చెయ్, పారేస్తాను.”

“ఉండనీ. ... ఏ మాటులో నిలబడ్డాడు?”

“ఎవరు మామా?”

“అసేన్, నా చేతిలో కత్తి ఉంది.”

“రాతి మాటులో. ఎప్పుడూ నిలబడే చోటే.”

“పక్కన బేరిచెట్టు మాటులో? అది నా చోటు. ఇప్పుడెవర్ని పెడుతున్నాడు? ఆ కిరిల్ గాడినే అయ్యుంటాడు. ఆకు కదిలితే పేల్చేస్తాడు వాడు.”

“...ఎవర్నీ పెట్టడు మామా.”

“ఎవర్నీ అంటే?”

“ఖాళీగా ఉంచుతాడు. స్తమెన్ తాత పోయాక వేట పెద్ద మనోల్ బాబాయే కదా. పొద్దున్నే అందరికీ మాటులు పంచుతాడు. బేరిచెట్టు దగ్గరికి వచ్చేసరికి ‘అది గవ్రిల్‌ది’ అని పక్క మాటుకి పోతాడు.”

“నేను వెళ్ళడం మానేసి మూడేళ్ళైంది!”

“అవును మామా. మూడేళ్ళుగా పందులన్నీ ఆ సందులోంచే పోతున్నాయి. వాటికీ తెలిసిపోయింది. పెద్దవన్నీ తిన్నగా అటే పరిగెడతాయి. పోయిన నెల ఒకటి నడుచుకుంటూ పోయింది, పెళ్ళికి వెళ్తున్నట్టు. జట్టులో అందరూ తిడుతున్నారు.”

“తిడితే?”

“‘గవ్రిల్ వచ్చి నిలబడితే ఆగుతాయి’ అంటాడు.”

“ఏమయ్యా, ముక్క కింద పెట్టు. పిసికి పిసికి నువ్వే కీమా చేసేలా ఉన్నావు.”

“నా కళ్ళు పోయాయన్నాడే జ్లాత్కా వాడు. అందరి ముందూ! పందికి గాయం ఒక్కటే, ఇద్దరం ఒక్కసారే పేల్చాం, గుండు దొరకలేదు. పంది నా వైపు పడింది కాబట్టి కొట్టింది నేనేనని, కోరలు నావేనని స్తమెన్ తీర్పు చెప్పాడు. అప్పుడన్నాడు. ‘ఎదురుగా ఉన్న బేరిచెట్టే కనపడదు వీడికి, పంది కనపడిందా’ అని.”

“నువ్వేం తక్కువ తిన్నావా? ‘నీ మొహం కనపడే చోట ఇంకెప్పుడూ నిలబడను’ అన్నావు. కళ్ళు కనపడనివాడివి మొహం గురించి ఎందుకయ్యా?”

“నీకంతా ఆటే. పోనీలే. కోరలు నా గోడ మీదున్నాయి. వాటా నా ఇంటికొస్తోంది. నలభై ఏళ్ళు వేటాడినవాడికి, వచ్చినా రాకపోయినా, చచ్చేదాకా వాటా. సంఘం పెట్టిన నియమం. ఏరా?”

“...అవును మామా.”

“నలభై ఏళ్ళలో నేనెప్పుడూ వినలేదే ఈ నియమం. ఎప్పుడు పెట్టార్రా?”

“మూడేళ్ళ కిందట అత్తా.”

“సరిగ్గా మూడేళ్ళ కిందట! ఎంత మంచి సంఘమో.”

“ఆగవే. అసేన్, నిన్న మాంసం పంచేటప్పుడు, కుప్పలు చూడకుండా పేర్లు చెప్పడానికి ఎవరు వెనక్కి తిరిగి నిలబడ్డారు?”

“మనోల్ బాబాయ్.”

“కుప్ప చూపించి ‘ఇది ఎవరిది’ అని అడిగిందెవరు?”

“నేను.”

“ముందు ఎవరి పేరు చెప్పాడు?”

“నీ పేరు మామా. ఎప్పుడూ ముందు నీదే.”

“ఎన్ని కుప్పలు?”

“కుప్పలా? అవి... మాంసం బాగానే వచ్చింది మామా, కాళ్ళూ తలకాయా కాక...”

“ఎన్ని?”

“తొమ్మిది.”

“వేటకి వెళ్ళింది ఎంతమంది?”

“వేటకా? ఉండు మామా. ఒకటి, రెండు...”

“వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నావేంట్రా? బడికి పోలేదూ?”

“తొమ్మిది మంది.”

“నన్ను కలిపా?”

“నువ్వు రాలేదుగా మామా. నువ్వు కాక.”

“తొమ్మిది మంది, తొమ్మిది కుప్పలు. అందులో ఒకటి నా బల్ల మీదుంది. మరి ఒట్టి చేతుల్తో ఇంటికి పోయిందెవరు?”

“చెప్పొద్దని నాతో ఒట్టేయించాడు మామా.”

“ఎవరూ?”

“ఎవడో... ఎవడో ఒకడు.”

“నేను చెప్తాను వినవయ్యా. నేనెవరికీ ఒట్టు వెయ్యలేదు. శుక్రవారం రొట్టెల కొట్టు దగ్గర మనోల్ పెళ్ళాం ఫిదాంక కలిసింది. ‘ఏం వండావమ్మా’ అన్నాను. ‘చిక్కుడు గింజలు’ అంది. అంతకు ముందు వారం కలిస్తే చిక్కుడు గింజలు. ‘మా ఆయనకి పంది మాంసం అరగట్లేదట జ్లాత్కా, మూడేళ్ళైంది ఇంటికి తెచ్చి’ అంది. ఎలుగుబంటిని తన్నినవాడికి మాంసం అరగదట!”

“షారో కూడా అక్కడికే పోతుంది మామా. శనివారం పొద్దున్నే ఆయన గుమ్మం ముందు కూచుంటుంది. ఆయన దాని చెవిలో నీకు చెప్పమని ఏవేవో తిట్లు చెప్తాడు. ... మామా? కోపం వచ్చిందా?”

“ఏమయ్యా? లేచావేం? ఇంకా సగం తొట్టి ఉంది. ఏమయ్యా, నిన్నే! చేతులైనా కడుక్కో. అసేన్, వసారాలో ఏం చేస్తున్నాడు?”

“కనపడట్లేదు. కోటు తొడుక్కుంటున్నట్టున్నాడు.”

“టోపీ పెట్టుకోమను. బయట గడ్డ కడుతోంది.”

“మామా, టోపీ! ... వెళ్ళిపోయాడత్తా.”

“కిటికీలోంచి చూడు. పైకా, వంతెన వైపా?”

“ఉండు. గేటు తీశాడు... ఆగాడు... వంతెన వైపే అత్తా! వంతెన వైపే! షారో ముందు పరిగెడుతోంది.”

“దానికి దారి తెలుసుగా. అమ్మయ్య. కాస్త జీలకర్ర ఇలా అందుకో.”

“అత్తా, ఇప్పుడైనా చెప్పు. నిన్న మనోల్ బాబాయ్ ఒక్కసారి కూడా పేల్చలేదు. పందిని కొట్టింది కిరిల్. మరి ఆ గుండు ఎక్కడిది?”

“నా బొత్తాల డబ్బాలోది.”

“ఏంటీ?”

“మూడేళ్ళ కిందట ఆ పెద్ద పంది భుజం ముక్క మా కుప్పలోకే వచ్చింది. ఇదే బల్ల మీద, ఇలాగే తడుముతుంటే నా వేలికి తగిలింది. గీత చూసి జేబులో వేసుకున్నాను.”

“అంటే ఆ పంది మనోల్ బాబాయ్‌దే! ఆ కోరలు...”

“అరవకు. వీధిలోకి వినపడుతుంది.”

“అప్పుడే చూపించాల్సింది కదత్తా!”

“అప్పుడు చూపిస్తే మీ మామ ఒప్పుకుంటాడా? గుండుని కూడా కాదనేవాడు. నాలుగు కోపతాపాలు చల్లారాలి, శనివారాలు ఒంటరిగా కూచోవాలి, కథల్లో ఎవడో ఒకడు అడ్డం పడాలి. ఇవాళ పొద్దున నువ్వు మాంసం దించుతుంటే ఆ ముక్కకి గాటు పెట్టి లోపలికి తోశాను.”

“మామకి అనుమానం రాలేదంటావా? నీలం దారం ఉంది దానికి. నీ ఏప్రన్ తెల్లది.”

“కళ్ళు కనపడవు పాపం. నమ్మేశాడు. ఆ సంగతి నెమ్మదిగా ఇంకో ఏడాది ఆగి చెప్తాను. ముందు వెళ్ళి కూచోనీ, ఇద్దరూ తిట్టుకోనీ.”

“కోటు కింద ఏదో పెట్టుకుని పోతున్నాడు చూశావా? ఎత్తుగా ఉంది.”

“మాంసం గిన్నె అయ్యుంటుంది.”

“గిన్నె ఇక్కడే ఉంది.”

“అయితే రకియా సారా సీసా. ఒట్టి చేతుల్తో పోడు మీ మామ.”

“సీసా కూడా అల్మారాలోనే ఉందత్తా.”

“మరి ఏం పట్టుకుపోయినట్టు?”

“అత్తా, ఇలా వచ్చి వసారా గోడ చూడు. కోరల చెక్క లేదు. మేకు ఒక్కటే ఉంది.”