ఫోను తాగిన నీళ్ళు

సభకు పెద్దదిక్కుగా కూర్చున్న సర్పంచి హేమావతమ్మ గారికి, అనంతపురం నుంచి పనిగట్టుకుని వచ్చిన టెలిఫోన్ల ఇంజనీరు జాకబ్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో సెల్‌ఫోన్లు చూసుకుంటూ నా మాట వింటున్నట్టు నటిస్తున్న స్నేహితులకు, ఈ రోజు పదవీ విరమణ చేసి దండల బరువుకు మెడ వంచుకున్న లైన్‌మాన్ తిప్పయ్యకు, అతని ఇల్లాలు రామలక్ష్మమ్మకు ఈ నారాయణప్ప నమస్కారాలు. (నవ్వులు)

రెండే నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పయ్యేళ్ళు ఈ ఊరి పంచాయతీ నీళ్ళ వాల్వు తిప్పినవాణ్ణి, ఎప్పుడు కట్టెయ్యాలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాబట్టి సర్పంచమ్మా, గడియారం చూడకండి.

తిప్పయ్య రేపు పొద్దున బస్సుకు కదిరిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఆలోపల అతనికి నేనొక విషయం చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళకు పైగా చెప్పలేకపోయిన విషయం. ధైర్యం వచ్చేదాకా కాస్త చరిత్ర చెబుతాను, ఓర్చుకోండి.

నేను బడిలో చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా బోండాలు కట్టిచ్చిన కాగితాల్లో. అలాంటి ఒక కాగితంలోనే తెలిసింది, 1876లో అమెరికాలో బెల్ అనే ఆయన ఫోనులో మొట్టమొదట పలికిన మాట 'ఇట్రా, నీతో పని ఉంది' అని. ఎవరితో? పక్క గదిలో ఉన్న తన మనిషితో. పక్క గదిలోని మనిషికి తీగ వేసి చెప్పాలా? మన ఆంజినమ్మ ఈ వీధిలో నిలబడి పిలిస్తే ఆ వీధిలో గొర్రెలు కూడా ఆగుతాయి. (నవ్వులు. ఆంజినమ్మ: "నన్నెందుకు లాగుతాండావప్పా దీంట్లేకి?") లాగక తప్పదమ్మా, ముందు ముందు నీతో పని ఉంది.

తర్వాత కాగితం చిరిగిపోయింది. అందుకని 1876 నుంచి నేరుగా మన ఊరికి వస్తాను. (నవ్వులు)

మొదట్లో పోస్టాఫీసులో ఒక్కటే ఫోను. ట్రంకాల్ బుక్ చేసి, ఇంటికి పోయి, సంగటి తిని, ఒక కునుకు తీసి వస్తే అప్పటికి లైను కలిసేది. ఆ సందులో బస్సెక్కి అనంతపురం పోయి నేరుగా మాట్లాడి వచ్చినవాళ్ళు ఉన్నారు. తర్వాత చిన్న గది కట్టి ఎక్స్ఛేంజి పెట్టారు, ఇరవై ఏడు ఇళ్ళకు ఫోన్లిచ్చారు, తిప్పయ్యను పంపారు. ఈ యంత్రానికి నీళ్ళు కావాలని అప్పుడు తెలిసింది.

జాకబ్ గారికి తెలిసిందే, పిల్లల కోసం చెబుతున్నాను. ఎక్స్ఛేంజి వెనక గుంత తీసి, ఇనుప పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోస్తారు. దాన్ని ఎర్త్ అంటారు. ఆ గుంత తడిగా ఉంటేనే ఫోనులో మాట తేటగా వినిపిస్తుంది. ఎండితే ఒకటే గుయ్యిమనే మోత. వానలు పడే చోట ఆ తడి సంగతి దేవుడు చూసుకుంటాడు. మన దగ్గర తిప్పయ్య చూసుకోవాలి. రోజూ ఒక బిందె.

2002 కరువులో రోజుకు ఇంటికి మూడే బిందెలు. తిప్పయ్య ఖాకీ చొక్కా వేసుకుని ఆడవాళ్ళ వరుసలో నిలబడేవాడు.

"ఏమప్పా, మా ఎనుములకే నీళ్ళు లేవంటే నీ ఫోనుకు దప్పికా?" అనేది ఆంజినమ్మ.

"దానికీ నోరుండాది గదక్కా. తాగకపోతే ఎట్ల మాట్లాడుతాది?"

"నేను తాగకనే మాట్లాడతాండా గదా."

నేనేమో వాల్వు దగ్గర నిలబడి, ఇంటికి మూడే, ఫోనుకు వేరే వంతు లేదు అనేవాణ్ణి. అయినా ఆ గుంత తడిగానే ఉండేది, ఫోన్లు తేటగానే పలికేవి. నా కన్నుగప్పి ట్యాంకు నుంచి తోడుకుంటున్నాడని తీర్మానించుకున్నాను. పై ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది, లైన్‌మాన్ ఊరి తాగునీళ్ళు దొంగిలిస్తున్నాడని.

(ఆగి) అది రాసింది నేను.

(వెనక వరుసలో సెల్‌ఫోన్లు కిందికి దిగాయి)

విచారణకు వచ్చిన అధికారి సాక్షిగా నన్నే వెంటబెట్టుకుని తిప్పయ్య ఇంటికి పోయాడు. మూడు బిందెలున్నాయి, ఒకటి ఖాళీ. రామలక్ష్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ చెప్పింది: "దొంగనీళ్ళు యాడివి సార్? మా మూడు బిందెల్లో ఒకటి దానికి పోస్తాండాం. తలంటుకునేది మానుకున్న్యాం, అంతే."

అధికారి నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చదువుకున్నాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

దొంగతనం లేదని తేలింది, కానీ గొడవెందుకని తిప్పయ్యను శింగనమలకు మార్చారు. అక్కడ చెరువు దాపున ఎక్స్ఛేంజి, గుంత దానంతట అదే తడి. ఇక్కడికి బదులు మనిషి రాలేదు. పదో రోజుకల్లా ఇరవై ఏడు ఫోన్లూ గుయ్యిమన్నాయి. కువైట్ నుంచి మొగుడు మాట్లాడితే తేనెటీగలు మాట్లాడినట్టుందని ఆంజినమ్మే నా మీదికొచ్చింది: "నీళ్ళు ఇడిసేవానివి నువ్వే గదప్పా. ఆ గుంతకు నువ్వే పొయ్యి." రెండేళ్ళు ఆ గుంతకు బిందె మోశాను, మా ఇంటి వంతులోంచి. ఉప్పు నాకడానికొచ్చే గొర్రెల్ని తోలడం కూడా నా పనే. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, లైను బాగానే ఉన్నా. (నవ్వులు)

అప్పుడు ఇంకో ఉత్తరం రాశాను. ఈసారి పేరు, ఊరు, సంతకం అన్నీ పెట్టి, తిప్పయ్య మంచివాడు, మావాడు, మాకు తిరిగి పంపండి అని. పంపారు. బస్సు దిగి నేరుగా నా దగ్గరికొచ్చి, "నీ జాబు వల్లనే వచ్చినానంట గదన్నా" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మొదటిదీ ఈ చేత్తోనే రాశానని చెప్పడానికి నోరు రాలేదు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం ఎక్స్ఛేంజి అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. సెల్ టవర్లు వచ్చాయి, ఇరవై ఏడు ఫోన్లు నాలుగయ్యాయి, మాకు తీరిక పెరిగింది, నాకు నోరు మాత్రం రాలేదు.

తిప్పయ్యా, నన్ను క్షమించు.

(తిప్పయ్య తలెత్తలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి రామలక్ష్మమ్మ లేచింది.)

"మొదటి జాబు సంగతి ఇడిసిపెట్టన్నా. శింగనమలలో రెండేండ్లు చేతికందే నీళ్ళతో నడుం నొప్పి లేకుండా బతికినా. ఆ రెండోది ఎవురు రాయమన్న్యారు నిన్ను?"

(సభంతా నవ్వులు. తిప్పయ్య దండల్లో ముఖం దాచుకుని భుజాలు కదిలేలా నవ్వాడు.)

అమ్మా, నువ్వడిగింది న్యాయమే. కానీ నేను క్షమాపణ చెప్పింది మొదటిదానికి. రెండోదానికి చెప్పను. జాకబ్ గారూ, కదిరి నుంచి ఒక మనిషిని వెనక్కి రప్పించాలంటే ఎవరికి రాయాలో, భోజనాలయ్యాక ఆ అడ్రసు కాస్త చెప్పి వెళ్ళండి.

ఇంతసేపు ఓపిక పట్టిన మీకందరికీ రుణపడి ఉంటాను. సెలవు.