ఎత్తకు, ఎత్తు వెయ్యి

ఆగు అమ్మాయ్, ఇక్కడ కాసేపు కూర్చుందాం. ఆయాసం కాదులే, ఈ మలుపు దగ్గర ఆగకుండా పైకి వెళ్ళడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. కొత్త కోడలివి, నీకింకా పట్టుబడలేదు. ఇప్పుడు నువ్వు కూర్చున్న చోటు మనది కాదు, తెలుసా? నిజమే, కాళ్ళు మన దారి మీదే ఉన్నాయి, కూర్చున్నది పక్కింటి వాళ్ళ స్థలంలో. నవ్వు, నవ్వు. పొద్దున మీ ఆయనతో అంటున్నావుగా, "నాలుగు మెట్లుండాల్సిన చోట ఈ మెలికల దారేంటండీ, వాకిలంతా ఇదే తినేసింది, కొట్టించేస్తే స్కూటర్ పెట్టుకోవచ్చు" అని. నాకు శుక్లాలు కళ్ళకే, చెవులు భేషుగ్గా ఉన్నాయి. అబ్బే, కోపమెందుకు? చెప్పేవాళ్ళు లేకపోతే నీకెలా తెలుస్తుంది? ఇది మా మేనత్త కట్టింది. మా నాన్నకి అక్క. మనిషి చూస్తే ఇంతే, నా భుజం దాకా వచ్చేది కాదు. గట్టిగా గాలొస్తే ఎగిరిపోతుందనేవాళ్ళు. కానీ బీరువా పక్క గదిలోకి వెళ్ళాలంటే వీధి వీధంతా ఆవిడ కోసమే వచ్చేది.

పేకింగ్ పెట్టెలు కొట్టే షెడ్డులో పని ఆవిడది. చెక్కపెట్టెలు కొట్టడం, వాటిలో సామాన్లు సర్ది లారీ ఎక్కించడం. మొదట్లో అక్కడి మేస్త్రీ, "ఏమ్మా, పిల్లిలా ఉన్నావు, ఇంత పెట్టె నువ్వేం ఎత్తుతావు?" అన్నాట్ట. ఈవిడ, "నేనెందుకు ఎత్తుతానండీ, అదే ఎక్కుతుంది" అంది. రెండు పొడుగు పలకలు లారీకి వాల్చి, పెట్టె కింద గొట్టం ముక్కలు మూడు పెట్టి, దొర్లించుకుంటూ పైకి తీసుకుపోయింది. ఉపాయం లేనివాణ్ణి ఊళ్ళోంచి వెళ్ళగొట్టమన్నారు కదా, ఆ మాట ఆవిడకి వేదం. ఎవరైనా బరువు కనబడగానే నడుం వంచారా, గయ్యిమనేది. "ఎత్తకు! ఎత్తు వెయ్యి!" అని. చదరంగంలో వేస్తారే, ఆ ఎత్తు. సీసా మూత బిగుసుకున్నా అదే మాట, తలుపు కొట్టుకుంటుంటే కింద చెక్క చీల దోపుతూ అదే మాట. చిన్నప్పుడు నేను స్కూల్లో చెప్పాను, మా అత్తయ్య ఏదీ ఎత్తదు టీచర్ అని. బద్ధకస్తురాలనుకుంది ఆవిడ. ఎక్కడున్నానూ? ఆఁ, నాన్న.

నాన్నకి వీధి మూల మీద గడియారాలు బాగుచేసే కొట్టు. అదిగో, ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నాడే, అదే. ఓ రోజు మేడ మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, కాళ్ళు దక్కలేదు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. అప్పటికి అమ్మ పోయి చాలా కాలమైంది, ఇల్లంతా అత్తయ్య మీదే నడిచేది. ఆస్పత్రి వాళ్ళు చక్రాల కుర్చీ ఇచ్చారు. చేతులు బ్రహ్మాండంగా పనిచేసేవి, వీధిలో కుర్చీ ఆయనే తోసుకునేవాడు. చిక్కల్లా అప్పుడిక్కడున్న నాలుగు మెట్ల దగ్గరే. పొద్దున ఇద్దరు వచ్చి కుర్చీతో సహా ఎత్తి దింపాలి, సాయంత్రం ఇద్దరు వచ్చి ఎత్తి ఎక్కించాలి. పాపం, వాళ్ళు మంచివాళ్ళే. కానీ ఎత్తేటప్పుడు ఏదో ఒకటి అనకుండా ఉండలేరు కదా, "ఏం బావా, అక్క బాగా మేపుతున్నట్టుందే, రోజురోజుకీ బరువెక్కుతున్నావు" అని. మేమంతా నవ్వేవాళ్ళం, నాన్నా నవ్వేవాడు. ఓ రోజు వాళ్ళు వచ్చేసరికి గోడకేసి తిరిగి కూర్చున్నాడు. "నన్నిక ఎవరూ ఎత్తొద్దు. నేను గడప దాటను" అన్నాడు. అంతే. వారమైంది, పది రోజులైంది. బాగుచెయ్యమని ఇచ్చిన గడియారాలు ఇంటికి తెచ్చిపెడితే వాటి వంక కూడా చూసేవాడు కాదు. తిండి సయించేది కాదు. మనిషి చచ్చిపోతాడేమోనని నాకు లోపల ఒకటే దడ.

అత్తయ్య ఒక్క మాట బతిమాలలేదు. "ఎత్తొద్దన్నావుగా తమ్ముడూ, ఎత్తంలే" అంది. ఆదివారం షెడ్డు నుంచి పలకలు తెచ్చి, వరండా నుంచి గేటు దాకా తిన్నగా ఓ వాలు కొట్టేసింది. మాకు సంబరం. నాన్నని దింపాం, జర్రున జారి గేటుకి గుద్దుకోబోయాడు. ఎక్కించడానికి నేనూ అత్తయ్యా వెనక నుంచి తొయ్యాల్సి వచ్చింది. ముక్కుతూ మూలుగుతూ ఎక్కించాం. నాన్న పైకొచ్చి ఏమన్నాడో తెలుసా? "ఎత్తడం పోయి తొయ్యడం వచ్చింది. తేడా ఏముందక్కా?" అన్నాడు. నాకైతే ఒళ్ళు మండింది, ఇంత కష్టపడితే ఈ మాటా అని. ఆవిడ మాత్రం సుత్తి తీసుకుని తను కొట్టిన మేకులన్నీ తనే పీకేసింది. "వాడన్నది నిజమే. నేను తోసేవాళ్ళ లెక్క చూశాను, ఎక్కేవాడి లెక్క చూళ్ళేదు" అంది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకి అత్తయ్య ఖాళీ కుర్చీ తోసుకుంటూ షెడ్డుకి తీసుకుపోయేది. బాగుచేయించాలని మాతో అబద్ధం. అక్కడ తను కుర్చీలో కూర్చుని, కాళ్ళు నేలకి ఆనకుండా తాడుతో కట్టేసుకుని, పలక మీద ఎక్కేది. రెండడుగుల ఎత్తుకి పదడుగుల పలక వేస్తే ఎక్కలేకపోయింది. పదిహేను వేస్తే సగంలో వెనక్కి జారింది. ఇంకా పొడుగు, ఇంకా పొడుగు. ఇరవై నాలుగడుగులు వేస్తే, నెమ్మదిగా, తన చేతులతో తనే ఎక్కింది. కానీ మన వాకిలి ఎంత? గోడ నుంచి గోడకి పన్నెండే. అంటే ఇటు పన్నెండు వచ్చి, కుర్చీ తిప్పుకోడానికి ఓ అరుగు వేసి, మళ్ళీ అటు పన్నెండు పోవాలి. ఆ అరుగుకి చోటు లేదు. ఉంటే గింటే పక్కింటి వాకిట్లోనే ఉంది.

పక్కింట్లో ఎవరూ, లెక్కల మాస్టారు. ఆయనకీ అత్తయ్యకీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఆదివారం పూట ఈవిడ సుత్తి చప్పుడుకి ఆయన నిద్ర చెడేదట. "ఇది ఇల్లా, వడ్రంగం కొట్టా?" అన్నాడాయన. "మీరు నోరు ఆపండి, నేను సుత్తి ఆపుతాను" అంది ఈవిడ. ఇంకేముంది, ఉప్పూ నిప్పూ. అలాంటిది, చెప్పులు బయట విడిచి ఆ గుమ్మం ముందు నిలబడింది చూడు! నేను వెనకే ఉన్నాను. ఈవిడ విషయం చెప్పింది. ఆయన పేపరు దించకుండా, "ఎత్తెంత?" అన్నాడు. "రెండడుగులండీ." "పొడవు?" "ఇరవై నాలుగు." అప్పుడు దించాడు పేపరు. "పన్నెండింతలని నీకెవరు చెప్పారు?" అన్నాడు. ఎవరూ చెప్పలేదండీ అని అరచేతులు చూపించింది. అబ్బ, ఆ చేతులు నేనూ అప్పుడే చూశాను అమ్మాయ్. నిండా బొబ్బలు, కొన్ని చిట్లిపోయి ఎర్రగా. ఇంట్లో గిన్నెలు తోమినప్పుడు కూడా మాకు తెలియనివ్వలేదు.

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టి, "వాలు పొడవు పెరిగిన కొద్దీ తక్కువ బలం సరిపోతుందని ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాశానమ్మా. ఒక్కడూ చేసి చూళ్ళేదు. నేనూ చూళ్ళేదు" అని లేచాడు. గోడ ఆయనే పగలగొట్టాడు తెలుసా, పంచె ఎగ్గట్టి! ఆ మూల ఆయన కూర్చునే రాతి బల్ల ఒకటి అడ్డొచ్చింది. ఆయన ఆవేశంగా వంగి రెండు చేతులూ వేశాడు. "మాస్టారూ! ఎత్తకండి, ఎత్తు వెయ్యండి!" అని అత్తయ్య ఒకటే కేక. గునపం కొస బల్ల కిందకి దూర్చి, దాని కింద ఇంత రాయి పెట్టి, అటు చివర ఒక్క చేత్తో నొక్కింది. బల్ల లేచింది. మాస్టారు చిన్నపిల్లాడిలా, "ఏదీ, నన్ను నొక్కనీ, నన్ను నొక్కనీ" అని ఎగబడ్డాడు. నువ్విప్పుడు కూర్చున్నది ఆ బల్ల మీదే.

సిమెంటుతో వాలు కట్టి, అది ఆరాక నాన్నని దింపాం. కాదు, దింపలేదు, ఆయనే దిగాడు. కొట్టుకెళ్ళాడు. సాయంత్రం ఆయన వచ్చే వేళకి మాస్టారు అక్కడ, నేనిక్కడ, అత్తయ్య వరండాలో, ఏమీ తెలీనట్టు బియ్యం ఏరుతూ. నాన్న గేటు తోసుకుని వచ్చాడు, మొదటి పన్నెండూ ఎక్కాడు. ఇదిగో, సరిగ్గా ఇక్కడ ఆగిపోయాడు. చెమటలు కారిపోతున్నాయి. నేనాగలేక కుర్చీ వెనక చెయ్యి వెయ్యబోయాను. "చెయ్యి తియ్యి!" అని అత్తయ్య పైనుంచి అరిచింది చూడూ, చటుక్కున వెనక్కి లాక్కున్నాను. నాన్న కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు, చక్రాలు తిప్పుకున్నాడు, రెండో పన్నెండూ ఎక్కాడు. ఆవిడ ముందుకొచ్చి ఆగాడు. మేమంతా ఏమంటాడోనని చూస్తున్నాం. ఏమీ లేదు, రోజూ అలాగే వస్తున్నట్టు, "అక్కా, దాహమేస్తోంది, కాసిని మంచినీళ్ళియ్యి" అన్నాడు.

ఆవిడ లోపలికెళ్ళింది. ఎంతకీ రాదే! నాన్న నవ్వుతూ, "ఏమే అక్కా, నీళ్ళకి బావి తవ్వుతున్నావా?" అని కేకేశాడు. నేను వెళ్ళి చూశాను. బిందె ముందు నిలబడి ఉంది, ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో చెంబు. నీళ్ళు నిండి, పొర్లి, కాళ్ళ మీద నుంచి పారుతున్నాయి. ఆవిడ ముంచి పోస్తూనే ఉంది.

...

ఆఁ? ఏమన్నావు? ఏం లేదులే. పద, పొద్దుపోతోంది. ఆ స్కూటర్ దీని మీంచే తోసుకొచ్చి వరండాలో పెట్టుకోవే పిచ్చిదానా, మెట్లుంటే ఎక్కుతుందా అది? ఏయ్, ఆ చెయ్యి తియ్యి. నేనెక్కుతాను.