అక్క గొంతున్న డిస్కు

అదిగో, ఈ కంప్యూటరు మళ్ళీ నల్లమొహం పెట్టింది! అల్లుడుగారూ, బల్ల కిందనించి తల బయటపెట్టి చూడండొకసారి. బూట్ అవడానికి డిస్కే లేదంటోంది. లేకపోవడమేమిటండీ? దీని పొట్టలో మూడున్నాయి! మూడు పొయ్యిలున్న వంటింట్లో నిలబడి నిప్పు లేదన్నట్టుంది.

ఏమిటీ? పాత డిస్కు చచ్చిపోయిందా? పొద్దున మీరు ముట్టుకునేదాకా నిక్షేపంలా నడిచింది కదా! వేగం పెరుగుతుందని కొత్తదొకటి తెచ్చి దూర్చారు చూడండి, అప్పట్నించే దీనికీ తెగులు. చచ్చిందట! నాడి చూడకుండా పాడె కట్టే రకం మీరు.

వైర్లన్నీ పీకండి. ఊఁ, మూడింటివీ. బుద్ధున్నవాళ్ళు అందర్నీ ఒకేసారి అనుమానించరు, ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి అడుగుతారు. పాతదొక్కటే తగిలించి నొక్కండి... చూశారా, లేచి కూర్చుంది! మీ కొత్తదాంట్లో ఏమీ లేదాయె, ఈ పిచ్చిది ముందు దాని తలుపే తడుతోంది. ఖాళీ ఇంటిముందు నిలబడి అడుక్కుంటే ఎవరు పెడతారు? ముందు పాతదాన్ని చూడమని సెట్టింగుల్లో వరస మార్చండి.

ఆ రెండోదాన్ని మాత్రం పువ్వులా పట్టుకోండి బాబూ. అందులో మా అక్క ఉంది. అవునండీ, పోయినావిడే. నన్ను తిట్టిన తిట్లన్నీ తనకి తెలీకుండా రికార్డు చేసుకున్నాను. ఆవిడ నోరు విప్పితే వీధిలో బస్సులు హారన్ కొట్టడం మానేసేవి! నవ్వకండి. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

మూడూ తగిలించారా? సరే. కొత్తదాన్ని ఫార్మాట్ చేస్తారా, చెయ్యండి. ఏది కొత్తది? తెరమీద "డి" అక్షరమున్నదా? ఎవరు చెప్పారు? పొద్దున డి అయితే ఇప్పుడూ డి అవుతుందా? వైర్లు అటూ ఇటూ మార్చి చచ్చారు కదా! పెళ్ళయిన ఆడదాని ఇంటిపేరులాంటివండీ ఆ అక్షరాలు, గడప మారితే మారిపోతాయి. ఆగండి, ముందు తెరిచి లోపలేముందో...

నొక్కేశారా?

ఆ పచ్చగీత పాకుతోందేమిటి? ఆపండి! ఆపండంటుంటే!

ఆపారా? తెరవండి.

ఖాళీ.

అంటే, ఇంతసేపూ తుడిచింది మా అక్కనా?

వద్దు, "సారీ అత్తయ్యగారూ" అనకండి. వెనక్కి తెప్పించే సాఫ్ట్‌వేర్లుంటాయా? ఉంటాయి, ఉంటాయి. నీళ్ళలో పోసిన ఉప్పుని ఏరుకొచ్చే మొనగాళ్ళు మీరు! ఆ తిట్లన్నీ నాకు నోటికొచ్చు, కావాలంటే ఇప్పుడే మీమీద వరసగా ప్రయోగిస్తాను. కానీ నా నోట అవి ఉత్త తిట్లు. ఆవిడ "ఓసి దరిద్రపు మొహమా" అంటే, చలేస్తోందా, దుప్పటి కప్పనా అన్నట్టుండేది.

చచ్చినవాళ్ళు రెండోసారి చావడం మాత్రం చూళ్ళేదు నేను. ఆ ముచ్చటా తీర్చారు.

లేవండి. మోకాళ్ళు దులుపుకోండి. ఆ వైర్లు అలాగే ఉండనివ్వండి, ఏది ఏదో మీకెలాగూ తెలిసి చావదు.