సందు దాటాల్సిన బుడగ

"ఆ బుడగ సగం దూరం గూడా పోదు. సందులో పడ్తాది. కుక్క మింగుతాది. గొంతుకు అడ్డం పడి సస్తాది. ఆ పాపం మనకే సుట్టుకుంటాది."

"అమ్మా! ఇంగా ఊదనే లేదు కదమ్మా!"

కోయిలకుంట్లలో ఒక సందుకు అటూ ఇటూ అన్నదమ్ముల మిద్దెలు. ఇటు మిద్దె మీద మధులత, ఆమె కూతురు సాహితి. అటు మిద్దె మీద, కుడిచేతికి పిండికట్టుతో, మధులత మరిది కొడుకు వంశీ. నడుమ ఒక దారం.

"ఆ దారానికి స్ట్రా ఎందుకు ఎక్కిచ్చినావే?"

"స్ట్రాకు బుడగను టేపుతో అంటిస్తాం. మూతి ఇడిస్తే గాలి ఎనక్కి పోతాది, బుడగ ముందుకు పోతాది. రాకెట్టు గూడా ఇట్లనే పోతాదంట. సారు చెయ్యమన్యాడు."

"ఎండాకాలం సెలవుల్లో ఏ సారే?"

"సెలవులకు ముందే... చెప్పినాడులే. నువ్వు ఊదుమా."

"నేనా? మొగం మీద పగిల్తే?"

"నీ ఊపిరి పెద్దది. దినామూ నన్ను అరుస్తాండావు కదా."

"నోర్ముయ్యి! ఇట్ల తే. ఫూ... సాలా?"

"ఇంగా."

"ఫూ... సాలే, కండ్లు తిరుగుతాండాయి."

"వంశీ! దారం బిగ్గా పట్టుకో! ఇడుస్తాండా!"

"ఇడువక్కా!"

"ఆగుమే, ఆగు! రేయ్ వంశీ, పిట్టగోడకాడికి రాబాకరా, పడ్—"

"పెద్దమ్మా! నువ్వు అనబాక!"

"అనలేదు నాయనా. అననే లేదు."

"అన్యావు. సగం అన్యావు."

"సగమే కదరా. ఆ పొద్దయితే పూరాగా అన్యా. సైకిలు మీంచి పడ్తావు, చెయ్యి ఇరుగుతాది అన్యా. మలుపన్నా తిరక్కముందే పడ్తివి. భయపడి అన్యా గానీ, కోరి అంటానా? 'నీ నోటి మాట నా కొడుక్కు తగిలింది' అని మీయమ్మ తలుపేసుకుండె. ఈ పొద్దుటికీ మాటల్లేవు."

"అమ్మా, ఇడిస్తి, ఆగిపాయ! నడిసందులో ఆగిపాయ సూడు!"

"నేను చెప్పలా?"

"నా దారం వదులైందక్కా. ఒంటి చేత్తో లాగలేకపోతాండా."

"యాడన్నా కట్టరా."

"ఒంటి చేత్తో ముడి ఎట్ల పడ్తాదక్కా? ఎవురన్నా పెద్దోళ్ళు పట్టుకోవల్ల."

"అవునవును. పెద్దోళ్ళే పట్టుకోవల్ల. అమ్మా, తులశి చిన్నమ్మను పిలువు."

"నేనా? వాడు పిలుచుకోలేడా, వాళ్ళమ్మే కదా? ఏందే, ఇద్దరూ మొగాలు అట్ల పెట్టినారు? ఓహో. దీనికేనా ఈ రాకెట్టు?"

"సైన్సుమా!"

"సైన్సా! ఉండు, మీ నాయనను రానీ."

"పిలువు పెద్దమ్మా. అమ్మ మెట్లకాడనే ఉండాది. అంతా ఇంటాండాది. అబ్బా! ఏందమ్మా గిల్లుతావు? చెప్పేసినాలే!"

"అమ్మా, దారం ఎత్తి బుడగను ఎనక్కి జార్చుకున్యా. ఇంగోసారి ఊదు. ఊది పిలువు."

"ఫూ... ఫూ... పట్టుకో. మూతి ఇడువబాక. తులశీ... ఓ తులశీ! పిల్లోనికి చెయ్యి నొస్తాది. నువ్వొచ్చి ఆ దారం పట్టుకుంటావా?"

మధులత అటు మెట్ల వైపు మెడ చాచి చూసింది.

"సూడు, పలకదు. ఈ జన్మకు పలకదు. నేను సచ్చినా గూడా—"

"అమ్మా!"

"సరేలే. నోరు మూసుకున్యా."

అటు మిద్దె పిట్టగోడ వెనక, మెట్ల మీద గాజులు గలగలమన్నాయి.

"అమ్మా... దారం బిగుస్తాండాది."

"వంశీగాడు లాగుతాండాడేమో. ఆ చేతికేమన్నా అయితే—"

"నేను కాదు పెద్దమ్మా. నా చేతిలో దారమే లేదు."

"అక్కా, నేనే పట్టుకున్యా. ఆ నోటితోనే 'చేరతాది' అని ఒక్కసారి అను. అని, అప్పుడు ఇడువు."