వెట్ మిట్టెన్స్ చరిత్రలో ఒక వాక్యం

స్థిరమైనవాడట! చదివావా ఇది? మూడో పేజీ చూడు. "డ్రమ్ముల మీద స్థిరమైన గార్నెట్ బౌటిలియర్." ఎనిమిదేళ్ళు వాయించానే తల్లీ, ఎనిమిదేళ్ళు! మోచేతులు రెండూ అరిగిపోయాయి. ఆఖరికి నాకు దక్కింది ఒక్క మాట. ఆ మూలనున్న మీ ఫ్రిజ్ కూడా స్థిరంగానే ఉంటుంది మరి.

నవ్వకు, నవ్వకు! నవ్వితే గొంతులో కుట్లు కదులుతాయన్నాడు డాక్టరు. పది రోజులు నోరు విప్పొద్దంటే ఇవాళ్టికి ఆరే అయ్యాయి. నువ్వలా కూర్చో నోరీన్, మాట్లాడేది నేను మాట్లాడతాను. నీకేం చెప్పాలనిపించినా ఆ కాగితాల మీద రాయి.

ముందు సూపు తాగు. హ్యాడక్ చేపే, ముళ్ళన్నీ తీసేశాను.

మాంట్రియల్‌లో ఆ ఓడీల్ పిల్ల మంచిదే, కాదనను. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత మన పాటల్ని ఎక్కడెక్కణ్ణుంచో ఏరుకొచ్చి మళ్ళీ రికార్డు వేస్తోంది. ఎవరు అడిగారో ఏమో! దాంతోపాటు ఈ చిన్న పుస్తకం. వెట్ మిట్టెన్స్ బ్యాండు చరిత్రట. తప్పులుంటే మధ్యాహ్నంలోగా దిద్ది, కింద సంతకం పెట్టి పంపమంది.

తప్పులుంటేనా! మనం ట్రూరోలో పుట్టామట. ట్రూరోలో మన వ్యాను చచ్చింది. మనం పుట్టింది ఇక్కడే, హాలిఫాక్స్‌లో, అగ్రికోలా వీధిలో, ఆ పైకప్పు కారే ఇంట్లో. ఇంకా విను. "ఉప్పు లారీ" పాట కర్టిస్ రాశాడట! కర్టిస్ గిటారు వాయించాడు, ఒప్పుకుంటాను. కానీ మంచు మీద ఉప్పు చల్లుకుంటూ పోయే లారీ వెనకాల మూడు గంటలు ఇరుక్కుపోయి, ఒళ్ళు మండి ఆ పాట కట్టింది ఎవరు? నువ్వు కాదూ? అద్దానికి పట్టిన ఆవిరి మీద వేలితో మొదటి చరణం రాశావు. ఆ మహానుభావుడు వెనక సీట్లో గుర్రు పెడుతున్నాడు.

కాలేజీ రేడియోల్లో ఐదు వారాలు మొదటి స్థానమట. ఐదు కాదు, నాలుగు. ఐదో వారం వాంకూవరు వాళ్ళెవరో వచ్చి మనల్ని కిందకి తోశారు. మనకి రాని గొప్ప మనకెందుకు చెప్పు?

ఏంటి రాస్తున్నావ్? "దిద్ది పంపెయ్, ఏడవకు." ఆహా. నోరు కుట్టేసినా నీ వెటకారం మాత్రం పోలేదు.

దిద్దానమ్మా. పొద్దున్నే లేచి అన్నీ దిద్దాను. ఒక్క వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. అందుకే వచ్చాను. సూపు ఉత్త సాకు.

చదువుతాను, విను. "తొంభై ఆరు మార్చిలో టొరంటో నుంచి ఒక పెద్ద రికార్డు కంపెనీ మనిషి వచ్చి వీరి పాట విన్నాడు. ఆ తర్వాత ఆయన నుంచి ఏ కబురూ రాలేదు."

ఇది ఓడీల్‌కి చెప్పింది నువ్వే కదూ? అబద్ధమనడం లేదు. నీకు తెలిసింది నువ్వు చెప్పావు.

గుర్తుందా ఆయన? హార్‌గ్రోవ్. బూడిద రంగు కోటు. నువ్వు పాడుతున్నంతసేపూ గ్లాసు ముట్టుకోలేదు. వెళ్తూ వెళ్తూ మనమంతా కలిసుండే ఆ ఇంటి ఫోను నంబరు రాసుకున్నాడు. ఇక ఆ ఏప్రిలంతా నీ తంతేమిటి? బేకరీలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "ఎవరైనా ఫోన్ చేశారా?" అనేదానివి. జుట్టు నిండా పిండి. నేను "లేదు" అనేవాణ్ణి. మర్నాడూ అదే. జూన్ వచ్చేసరికి అడగడం మానేశావు.

చేశాడు, నోరీన్.

రెండుసార్లు చేశాడు.

ఉండు, రాయకు. ముందు విను. ఇప్పుడాపితే మళ్ళీ చెప్పలేను.

మొదటిసారి నువ్వు బేకరీలో ఉన్నావు. కర్టిస్ వ్యానుకి సైలెన్సరు వేయించడానికి పోయాడు. ఇంట్లో నేనొక్కణ్ణే. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "మాకు ఆ అమ్మాయి కావాలి. గిటారబ్బాయి పాటలు రాస్తానంటే పంపమనండి, చూస్తాం. డ్రమ్ములకి మా దగ్గర మనుషులున్నారు" అన్నాడు. మాట్లాడుతున్నది డ్రమ్మరుతోనని ఆయనకి తెలీదు పాపం. నేను చెప్పలేదు.

నేనేమన్నానో తెలుసా? "బ్యాండు లేకుండా రానని ఆవిడ ముందే చెప్పిందండీ" అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో! ఆయన మెచ్చుకున్నాడు కూడా. "మంచి పిల్లే" అన్నాడు. నీ నోట్లో నా మాట పెట్టి, నీకే కీర్తి తెచ్చాను.

నాలుగు రోజులకి మళ్ళీ చేశాడు. ఆదివారం పగలు. "ఆవిడతోనే ఒక్క నిమిషం మాట్లాడాలి" అన్నాడు. "ఊళ్ళో లేదు" అన్నాను. నువ్వు వంటింట్లో ఉన్నావు. చేప కట్లెట్లు వేయిస్తూ పాడుకుంటున్నావు. తలుపు తెరిచే ఉంది. ఆయనకి వినపడింది. "అది ఆవిడే కదూ?" అన్నాడు.

"రేడియో" అన్నాను.

అంతే. పెట్టేశాడు. నువ్వు కట్లెట్లు తెచ్చి, "ఎవరు?" అన్నావు. రాంగ్ నంబరన్నాను. మూడు తిన్నాను. బాగున్నాయి కూడా.

అలా చూడకు. ప్రేమా? ఛ, అది కాదు. అదైనా బాగుండేది, చెప్పుకోవడానికి ఓ కారణం ఉండేది.

నువ్వు పోతే నాకేముంది చెప్పు? మా నాన్న టైర్ల షాపు. చలికాలం టైర్లు బిగించు, ఎండాకాలం విప్పు. నా కర్రల చప్పుడు వినడానికి లోకంలో ఎవరూ రాలేదు. నీ గొంతు వినడానికి వచ్చారు, దాని కింద నేనూ వినపడ్డాను. అది నాకు తెలుసు. ఆయన చెప్పకముందే తెలుసు.

ఏడాది పోయాక నువ్వే అన్నావు, "నా గొంతు వంటింటికే పనికొస్తుందిరా గార్నెట్" అని. నవ్వుతూనే అన్నావు. నేనూ నవ్వాను. ఆ మరుసటేడు బ్యాండు చాలించావు. స్కూలు బస్సుల ఆఫీసులో చేరి, ఏ వీధి తర్వాత ఏ వీధో డ్రైవర్లకి మైకులో చెప్తూ పాతికేళ్ళు గడిపావు. మీ అమ్మ అంత్యక్రియల్లో ఫాదర్ పాడమంటే తల అడ్డంగా ఊపావు. నీ వెనక బల్ల మీదే కూర్చున్నాను నేను. అప్పుడు చెప్పాలి కదా? చెప్పలేదు.

ఇప్పుడు అక్టోబరులో మనం మళ్ళీ స్టేజీ ఎక్కుదామని గొంతు కోయించుకుని కూర్చున్నావు. ఈ అబద్ధం అచ్చయితే, దాని కింద నా సంతకం ఉంటే, నీ వెనక కూర్చుని ఎలా వాయించను?

రాశావా? ఇలా చూపించు.

"కర్టిస్‌కి తెలుసా?"

తెలీదు. ఎవరికీ తెలీదు. ఇవాళ్టిదాకా నాకొక్కడికే.

ఇదిగో, ఆ వాక్యం కొట్టేశాను. పక్కన రాశాను, చూడు. "రెండుసార్లు ఫోన్ వచ్చింది. డ్రమ్మరు ఎత్తాడు. ఆమెకు చెప్పలేదు." మూడు ముక్కలు. పంపమంటే ఇప్పుడే పంపుతాను. వద్దంటే చింపేస్తాను. నీ ఇష్టం.

తలుపు చూపిస్తున్నావా? సరే. పోతాను. కోటేదీ? సూపు గిన్నె ఉండనీ, తర్వాత... తర్వాతంటూ లేకపోతే పారెయ్.

ఒక్క మాట చెప్పి పోతాను. పొద్దుట్నుంచీ నాలో పశ్చాత్తాపం కోసం వెతుకుతున్నాను. నీ మీద జాలి ఉంది. సిగ్గుంది, బోలెడుంది. కానీ ఆ ఫోను తర్వాత మనకి రెండేళ్ళున్నాయి చూడు... క్యాంప్‌బెల్టన్‌లో పదకొండు మంది ముందు వాయించాం, గుర్తుందా? పదకొండో వాడు బల్లలు తుడిచేవాడు. దారిలో దుప్పి అడ్డమొస్తే గంటసేపు దానికి పాటలు పాడావు. నా డ్రమ్ము పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని మాంక్టన్ దాకా నిద్రపోయావు. నా బతుకులో చెప్పుకోదగ్గవి ఆ రెండేళ్ళే. ముందూ లేదు, వెనకా లేదు.

అవి నీ దగ్గర కొట్టేసినవని నాకు తెలుసు. అయినా తిరిగిచ్చెయ్ అంటే మాత్రం, నోరీన్, ఇవ్వలేను.