మేడమ్ గారి బీకరు

1989 జూలై 3వ తేదీన అమలాపురంలోని మన కళాశాల రసాయనశాస్త్ర విభాగంలో ఉపన్యాసకురాలిగా చేరిన డాక్టర్ జ్ఞానమ్మ గారు, ముప్పై ఆరేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తొలినాడు ప్రయోగశాలలో అడుగుపెట్టగానే గాజు పాత్రల మీది మరకలు చూసి, కొంగు దోపుకొని వాటిని తోమడానికి ఉపక్రమించారని ఆనాటి సహోద్యోగులు చెబుతారు. ఆ శుభ్రతే ఆవిడకు పేరు తెచ్చింది. ఒకప్పుడు కొంప ముంచబోయిందీ అదే.

రాజోలు ప్రాంతంలో వరిచేలల్లో కలుపు తీసి బతికిన కుటుంబం వారిది. తల్లి ఎలీసమ్మ గారి చేతులను కోసిన వరి ఆకు అంచే జ్ఞానమ్మ గారి పరిశోధనకు అంకురం. నేలలోని సిలికాను వేళ్లతో పీల్చుకొని, కొలిమీ మంటా లేకుండా, ఆకుల్లోనూ ఊకలోనూ గట్టి ఖనిజంగా పేర్చుకునే విద్య వరి మొక్కకు స్వతస్సిద్ధం. ఆ విద్యను బీకరులో అనుకరించి, వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు మించని సిలికా నానోకణాలను రూపొందించాలన్నది ఆవిడ సంకల్పం.

2014లో ఆ సంకల్పం ఫలించినట్టే కనిపించింది. వరి ఆకుసారం కలిపిన ద్రావణంలో గుండ్రని కణాలు ఏర్పడ్డాయి. పరిశోధనా వ్యాసం ఆమోదం పొందింది. ప్రొఫెసర్ పదోన్నతి చేతికందే దూరంలో నిలిచింది. అంతలో ప్రయోగశాలకు కొత్త బీకర్లు వచ్చాయి. వాటిలో ఒక్క కణమూ పుట్టలేదు. అనుమానం వచ్చి పాత బీకరులో ఆకుసారం కలపకుండానే చూస్తే, అందులో పుట్టాయి.

జ్ఞానమ్మ గారికి కారణం తట్టింది. పాత బీకర్లను తల్లి నేర్పిన పద్ధతిలో, కొబ్బరి పీచుతో, ఊక బూడిదతో తోముతున్నది తామే. గాజు గీతల్లో ఇరుక్కున్న బూడిదలోని సిలికాయే కణాలకు విత్తనమైంది. పోలిక కోసం ఆకుసారం కలపని ద్రావణం పోసి ఉంచిన ప్లాస్టిక్ సీసాలను ఎన్నడూ తోమలేదు గనుక సంగతి అంతవరకూ బయటపడలేదు.

అప్పటి పరిశోధక విద్యార్థిని, నేటి మన సహోద్యోగిని సౌజన్య గారు బిక్కమొహం వేశారు.

“కణాలైతే నిజంగానే వచ్చేయి కదండీ మేడమ్. బూడిద సంగతి ఎవరికి తెలుస్తుందండీ?”

“మనిద్దరికీ తెలిసిపోయిందమ్మా. ఇంకెవరికి తెలియాలి?”

ఆ సాయంత్రమే వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. పదోన్నతి మరొకరిని వరించింది. ఆవిడ బాధపడలేదని రాస్తే అబద్ధమే అవుతుంది. తరువాత మొదటినుంచి మొదలుపెట్టారు. నాలుగేళ్లకు, కొత్త గాజులో, ఆకుసారంతోనే కణాలు పుట్టాయి. సౌజన్య గారికి డాక్టరేటు, గురువు గారికి ఆలస్యంగానైనా పదోన్నతి లభించాయి. నాటి నుంచి ప్రతి ప్రయోగానికీ ముందు ఆకుసారం కలపని బీకరు ఒకటి పక్కన పెడతారు. విద్యార్థులు దాన్ని ‘మేడమ్ గారి బీకరు’ అంటారు. కణాలేవీ పుట్టక అది తేటగా ఉంటేనే పని ముందుకు సాగుతుంది.

ఇందులో ఇంటివారికే తెలిసిన సంగతి ఒకటుంది. ఆనాటి నుంచి జ్ఞానమ్మ గారు ఇంట్లో కూడా బూడిద ముట్టలేదు. గిన్నెలకు మెరుపు పోయిందని ఎలీసమ్మ గారు సణుగుతూనే ఉన్నారు. మొన్న విరమణ మాట వినగానే తొంభై ఏళ్ల ఆ తల్లి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

“ఏవమ్మా, ఇకనైనా గిన్నెలకి బూడిద తెస్తావా?”

“ఆయ్, తెస్తానే అమ్మా.”

ఆ ఇంటి గిన్నెలు తళతళలాడాలనీ, తల్లీకూతుళ్లిద్దరూ ఆయురారోగ్యాలతో చిరకాలం ఒకరినొకరు కసురుకుంటూ కళకళలాడాలనీ మనసారా కోరుకుంటున్నాం. ఇక్కడ మేడమ్ గారి బీకరు తేటగానే ఉంటుందని విభాగం తరఫున మాట ఇస్తున్నాం.